స్వజనాభిమానము దోషమా?

తనవారియందు అభిమానము గలిగియుండుట గుణమా, దోషమా యను ప్రశ్న సంస్కరణమును గోరు ప్రతివారికిని ఎప్పుడో యొకప్పుడు ఎదురగుచునే యుండును. కులాభిమానమును, శాఖాభిమానమును, ప్రాంతాభిమానమును విడిచి మనుష్యులనందరిని సమముగా జూడవలెనని మనము చెప్పుచుందుము. పిల్లలకును అదియే బోధింతుము. కాని ఆ మాట చెప్పుచున్నప్పుడే మన మనస్సులో నొక సంశయము మెదలును. తన తల్లిని ప్రేమింపనివాడు పరుల తల్లులను గౌరవించునని నమ్ముట యెట్లు? తన యూరిని, తన భాషను, తనవారి కష్టసుఖములను లక్ష్యపెట్టనివాడు లోకమునంతటిని ప్రేమించుచున్నానని చెప్పినచో, ఆ ప్రేమ నిలుచుటకు చోటెక్కడ?

రెండవవైపునుండి చూచినచో, స్వజనాభిమానము పేర జరిగిన ఘోరములకు చరిత్రమున కొదువ లేదు. ఇరుగుపొరుగులుగా నూరేండ్లు బ్రతికినవారు ఒక్కరాత్రిలో శత్రువులైన సందర్భములన్నిటియందును మొదట వినబడిన మాట "మనవారు" అనునదియే. కావున ఈ ప్రశ్నకు సూత్రప్రాయమైన సమాధానము చెప్పి యూరకుండుటకంటె, ఒక నిజమైన యుదాహరణమును దీసికొని పరిశీలించుట మేలని మాకు తోచుచున్నది. ఆ యుదాహరణము దూరదేశమునకు సంబంధించినది. అంతేకాక, తత్త్వచర్చకు తగదని పెద్దలు సాధారణముగా తలచు ఆటకు సంబంధించినది. ఆఫ్రికాఖండమున నైజీరియా దేశపు తూర్పుభాగమందలి ఎనుగు నగరములో రేంజర్స్ అను ఫుట్‌బాలు క్లబ్బొకటి కలదు. ఒక జాతి తన పరాజయానంతరమున ఆ క్లబ్బును జూచుకొని తలయెత్తి నిలిచిన కథను ఇచట విచారింపదలచితిమి.

ఎనుగు అను పేరు మన చెవికి ఏనుగువలె వినబడును గాని, ఇగ్బో భాషలో దానికి కొండతల యని యర్థము. 1909వ సంవత్సరమున ఆ కొండలలో రాక్షసిబొగ్గు కనబడినందున అచట నగరము పుట్టినది. ఆ ప్రాంతపు ప్రజలు ఇగ్బోలు. ఇగ్బోలకు రాజు లేడని వారిలోనే యొక సామెత కలదు. కొన్ని పట్టణములను మినహాయించినచో, పూర్వము వారిలో ఏ గ్రామమున కా గ్రామమే యొక చిన్న ప్రజారాజ్యమువలె నుండెడిది. పెద్దలు కూడి చర్చించి తీర్పు చెప్పెడివారు. గ్రామములమధ్య కుస్తీపోటీలు ఉత్సవములలో ముఖ్యములు. ఆ జాతిలో పుట్టిన సుప్రసిద్ధ రచయిత చినువా అచెబె 1958లో ప్రకటించిన తన తొలి నవలను ఒక కుస్తీవిజయముయొక్క ప్రస్తావముతోనే ప్రారంభించెను. బలమును చూపుటకును, కీర్తిని పొందుటకును, ప్రాణహాని లేకుండ తగవు తీర్చుకొనుటకును వారికి బరి యొక పాతమార్గమని దీనివలన తెలియుచున్నది.

ఇంగ్లీషువారి పాలనమున రైలుమార్గములును, పాఠశాలలును వచ్చినపిమ్మట ఇగ్బోలు గుమాస్తాలుగా, రైల్వే ఉద్యోగులుగా, వర్తకులుగా దేశమంతటను వ్యాపించిరి. 1960లో నైజీరియా స్వతంత్రమాయెను. ఆరేండ్లు గడవకముందే, 1966 జనవరిలో కొందరు సైనికోద్యోగులు ప్రభుత్వమును కూలద్రోచిరి. ఆ యుద్యోగులలో పలువు రిగ్బోలగుటచేత, ఆ యేడే ఉత్తరభాగమున నుండిన ఇగ్బో కుటుంబములపై దారుణమైన హత్యాకాండ చెలరేగెను. పది లక్షలకు మించినవారు ఉన్నదున్నట్లు విడిచి తూర్పునకు పారిపోయి వచ్చిరి. 1967 మే 30వ తేదీన తూర్పుభాగము బయాఫ్రా యను పేర వేరు దేశముగా ప్రకటించుకొనెను. ఎనుగు దానికి రాజధానియాయెను. జూలైలో యుద్ధము ప్రారంభమైనది. అక్టోబరులో ఎనుగు పడిపోయినది. ఆపై రెండేండ్లకు పైగా ముట్టడి సాగెను. ఆయుధములచేత చచ్చినవారికంటె ఆకలిచేత చచ్చిన పసివారే యెక్కువ. మృతుల సంఖ్యనుగూర్చి అంచనాలు భేదించును గాని, పది లక్షలకు తక్కువ కాదని పలువురి లెక్క. 1970 జనవరి 15వ తేదీన బయాఫ్రా లొంగిపోయెను.

ఆ యుద్ధమున గెలిచినవారును లేరు, ఓడినవారును లేరని నైజీరియా అధిపతి గోవన్ ప్రకటించెను. ఆ మాట ఉదాత్తమైనదే. గెలిచినవాని నోట అట్టిమాట వెడలుట లోకమున అరుదు. పరాజితులను వరుసగా నిలబెట్టి చంపకుండుటయు ఆ మాటయొక్క ఫలమే. కాని మాట యొకటి, బ్యాంకుపుస్తక మొకటి. బయాఫ్రా నోట్లను అప్పగించినవారికి, వారు కట్టిన మొత్తమెంతయైనను, ఇరువది పౌనులుమాత్రమే యీయబడెను. పోర్ట్ హార్కోర్టు నగరమున ఇగ్బోలు కట్టుకొనిన యిండ్లు "విడిచిన యాస్తులు" అను పేర ఇతరుల వశమాయెను. 1972లో విదేశీయుల వ్యాపారములను దేశీయులకు బదిలీచేయు శాసనము వచ్చినప్పుడు, భాగములు కొనుటకు తక్కినవారివద్ద సొమ్ముండెను, ఇగ్బోలవద్ద లేదు. ఓడినవారు లేరనుట విని, తాము ఓడితిమని చెప్పుకొనుటకును వీలులేని స్థితి వారిది. ఏడ్చుటకు అనుమతి లేని యింట దుఃఖమెట్లుండునో ఎరిగినవారు ఆ స్థితి నూహింపగలరు.

అట్టి 1970వ సంవత్సరముననే, శిథిలములు తొలగకముందే, ఎనుగులో రేంజర్స్ క్లబ్బు వెలసెను. ఎగిరెడు జింకలని దానికి బిరుదము. ఆటగాండ్రు దాదాపందరును ఇగ్బో యువకులే. వారిలో ప్రసిద్ధుడైన క్రిస్టియన్ చుక్వు 1951లో పుట్టినవాడు. అనగా పదునారేండ్ల వయస్సునుండి పందొమ్మిదవయేటివరకు యుద్ధమును జూచినవాడు. ఈ జట్టు 1974లో జాతీయ లీగును, జాతీయ కప్పును రెంటిని గెలిచెను. 1975లో ఆ రెంటిని మరల గెలిచెను. ఆ యేడే ఆఫ్రికా విజేతల కప్పులో కడపటి పోటీవరకు పోయి గినీ దేశపు హాఫియా జట్టుచేతిలో ఓడెను. తమ డబ్బునుండి ఇరువది పౌనులు మాత్రమే దక్కించుకొనినవారు, తమ పేరు గౌరవముతో పలుకబడుట నాలుగేండ్లకే వినిరి. ఆ మైదానమున ఎవరును వారిని తక్కువ లెక్కకు మార్చలేకపోయిరి. వారు వేసిన గోలు గోలే, ఒకటి యన్న ఒకటే.

ఇచట విచారపరులు రెండు ఆక్షేపణలు చేయుదురు. ఆ రెండును బలమైనవే గనుక వానిని దాటిపోగూడదు.

మొదటి యాక్షేపణ యిది: ఆకలిగొన్నవానికి అన్నము పెట్టక పాట వినిపించుట వంచనము గాదా? ఇల్లు పోయినవాడు ఇల్లడుగవలెను గాని, తన జట్టు గెలిచినదని గంతులు వేయనేల? పాలకులకును ఇదియే కావలెను. జనులు బంతిని జూచుచున్నంతసేపు ఖజానావైపు చూడరు గదా! ఈ మాటలో సత్యము లేకపోలేదు. రేంజర్స్ గెలిచిన కప్పులవలన ఒక్కని బ్యాంకుసొమ్మైనను తిరిగి రాలేదు. ఒక్క యిల్లైనను యజమానునకు చేరలేదు. ఆట న్యాయమునకు బదులు కానేరదు. ఎవడైన పాలకుడు క్రీడావిజయమును చూపి "మీకింకేమి లోటు?" అని యడిగినచో, వాడు మోసగాడే.

అయినను ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. న్యాయమును అడుగుటకైనను మనుష్యునకు ముందు తానొక మనుష్యుడనను నమ్మకముండవలెను. చిరకాలము అవమానమునకు లోనైనవాడు తనకు రావలసినదానిని సయితము భిక్షవలె నడుగును. లేదా అడుగుటయే మానును. మన యిండ్లలో దీర్ఘకాలము చులకనగా చూడబడిన స్త్రీలయందును, అంటరానివారని దూరముంచబడిన జనులయందును ఈ నిజమును మనము కన్నులార చూచితిమి. చట్టము హక్కు నిచ్చినను, ఆ హక్కు తనదని చేయిచాచుటకు కావలసిన ధైర్యము చట్టములోనుండి రాదు. తనవంటివారు పదిమందియెదుట నిలిచి ఒక కార్యమును చక్కగా నెరవేర్చుటను జూచినప్పుడు ఆ ధైర్యము మొలకెత్తును. రేంజర్స్ ఆ మొలకకు నీరు పోసినదని మా యభిప్రాయము. అన్నమునకు బదులుగా వచ్చిన పాట వంచనమే. కాని అన్నము సంపాదింపబోవువాడు దారిలో పాడుకొను పాటను వంచనమనరాదు.

రెండవ యాక్షేపణ యింకను గట్టిది. ఒకే జాతివారు ఒకే జట్టువెనుక గుమిగూడి అరచుచుండగా, అది యుద్ధమునకు తరువాయి కాదా? తుపాకులు విడిచి బంతి పట్టినంతమాత్రమున ద్వేషము పోవునా? ఈ సంశయమును 1977వ సంవత్సరపు సంగతియొకటి పరీక్షకు పెట్టినది. పడమటి నైజీరియాలో యొరూబా జాతివారి యిబాదాన్ నగరమున షూటింగ్ స్టార్స్ అను జట్టు కలదు. 1976లో ఆఫ్రికా కప్పు విజేతల కప్పును గెలిచి, ఖండవిజయమును దేశమునకు తెచ్చిన మొదటి నైజీరియా జట్టది. మరుసటి యేట అదే పోటీలో, కడపటి పోటీకి ముందటి మెట్టున, రేంజర్స్‌కును ఆ జట్టునకును ముఖాముఖి సంభవించెను. రెండు ఆటలలోను ఎవరును గోలు వేయలేదు. రెండవ ఆట ఎనుగులో గాక ఉత్తరభాగపు కదునా నగరమున జరిగెను. పదునొకండేండ్లక్రిందట ఇగ్బోలు ప్రాణభీతిచే విడిచిపోయిన ఉత్తరదేశపు నగరములలో కదునాయు నొకటి. ఆ నగరముననే, పెనాల్టీతన్నులలో రేంజర్స్ గెలిచెను. పిమ్మట కామెరూను దేశపు కానన్ యావుండే జట్టు నోడించి కప్పును కైకొనెను.

ఆ యాటను జాతికలహముగా తలచి పండ్లు కొరికినవారు ఇరుపక్షములను లేకపోలేదు. అభిమానము ద్వేషముగా మారుటకు గడియ పట్టదు. కాని జరిగినదానిని నిదానించి చూడుడు. రెండు జట్లును ఒకే కొలతగల మైదానమున దిగినవి. ఒకే న్యాయనిర్ణేత ఊదిన యీలకు లోబడినవి. గెలుపోటములను పదిగజములకు కాస్త మించిన దూరమునుండి తన్నిన బంతికి విడిచిపెట్టినవి. ఓడిన యిబాదానువారు ఇంటికి పోయిరి. మరుసటి యేట మరల ఆడిరి. యుద్ధమునకును ఆటకును గల భేదమంతయు ఇందే యున్నదని మాకు తోచుచున్నది. యుద్ధము ఎదుటివాడు లేకుండుటను గోరును. ఆట ఎదుటివాడు మరల వచ్చుటను గోరును. ఇబాదాను జట్టు లేనిచో ఎనుగు జట్టునకు కీర్తి యెక్కడిది? తన గౌరవమునకు ఎదుటివాని యునికియు, వాని సామర్థ్యమును ఆవశ్యకములని యెరిగిన యభిమానము ద్వేషముగా పండనేరదు. ఎదుటివాని నాశమునందే తన గౌరవమున్నదని తలచు నభిమానమునకు ఆ పేరు తగదు. దానికి భయమని పేరు పెట్టవలెను.

దీనికి సాక్ష్యము మూడేండ్లకే లభించెను. 1980లో ఆఫ్రికాదేశముల కప్పుపోటీ నైజీరియాలోనే జరిగెను. మార్చి 22వ తేదీన లేగోసు నగరమున నైజీరియా అల్జీరియాను మూడు గోలులతో ఓడించి మొదటిసారి ఆ కప్పును గెలిచెను. జట్టునకు నాయకుడు రేంజర్స్‌వాడైన క్రిస్టియన్ చుక్వు. గోలులు వేసినవా రెవరు? రెండు వేసినవాడు సెగున్ ఒడెగ్బామి, మూడవది వేసినవాడు ముడా లావల్. ఇరువురును ఇబాదాను షూటింగ్ స్టార్స్ వారే. కదునాలో ఎదురెదురుగా నిలిచిన క్లబ్బులవారు లేగోసులో ఒకే చొక్కా తొడిగిరి. నాయకుడు ఇగ్బో కాకపోయి యుండినచో ఆ విజయము కొంచెమగునని మే మనము. కాని పదేండ్లక్రిందట లొంగిపోయిన జాతిలోని యువకుడు దేశమంతటికిని నాయకుడై నిలుచుటకు, ముందుగా తనవారి క్లబ్బులో తలయెత్తి నిలుచుట నేర్చెనని మాత్రము చెప్పవచ్చును. చిన్న యభిమానము పెద్ద యభిమానమునకు అడ్డురాలేదు, మెట్టుగా నుపయోగపడెను.

ఇంతవరకు చెప్పి ముగించినచో మా వ్యాసము పొగడ్తగా మిగులును. స్వజనాభిమానమునకు ఇంకొక పరీక్ష కలదు. పరులయెడ ద్వేషము లేకుండుటకంటె అది కష్టతరము. "మనవారు" అన్నప్పుడు ఆ మాటలో ఎవరెవరు చేరుదురు? ఇగ్బోలలో ఓసు అను నొక వర్గము కలదు. పూర్వము దేవతలకు అర్పింపబడినవారును, వారి సంతతియు ఓసులు. వారితో తక్కినవారు వియ్యమందరు, కలిసి మెలగరు. 1956లో తూర్పు నైజీరియా శాసనసభ ఈ యాచారమును చట్టముచే రద్దుచేసెను. అయినను పెండ్లిమాట వచ్చినప్పుడు ఆ గోడ యింకను కొన్నియెడల నిలిచియే యున్నది. అచెబె 1960లో ప్రకటించిన తన రెండవ నవలలో, విద్యావంతుడైన యువకుడు ఓసు కన్యను వరించి తలిదండ్రుల నిరోధమున కెదురు నిలువలేక చెడిపోయిన కథను వ్రాసెను. ఆ కథ చదువునప్పుడు మనకు అది పరదేశపు కథయని తోచదు.

మైదానపు మెట్లపై ఓసును, స్వతంత్రుడును ప్రక్కప్రక్కన కూర్చుండి ఒకే గోలునకు ఒకే కేక వేయుదురు. ఎవడెవడని ఎవరును అడుగరు. అది మంచిదే. కాని ఆట ముగిసి యింటికి పోయినపిమ్మట ఆ యొక్క కేక ఏమగుచున్నది? పరులచేత తమకు జరిగిన యన్యాయమును స్మరించుకొని బాధపడు జాతి, తనలోని వారికి తాను చేయు నన్యాయమును మరచినచో, ఆ యభిమానము సగమే పండినట్లు. పౌనులు తక్కువ యిచ్చినవానిని నిందించుట సులభము. మన పెండ్లిపందిరిలో మనుష్యుని తక్కువకు మార్చిన మన చేతిని చూచుకొనుట కష్టము. ఇది ఇగ్బోలకు మాత్రమే చెప్పవలసిన మాటయని మే మనుకొనుటలేదు.

కాలక్రమమున రేంజర్స్ వైభవము తగ్గెను. 1984లో ఆరవసారి లీగును గెలిచినపిమ్మట ముప్పదిరెండేండ్లు ఆ జట్టునకు లీగువిజయము దక్కలేదు. తండ్రి చూచిన విజయమును కొడుకు వినుటయే గాని చూడలేదు. అయినను వారు క్లబ్బును విడువలేదు. 2016లో మరల గెలిచినప్పుడు ఎనుగు వీథులలో ముసలివారును, పసివారును కూడి యుత్సవము జరిపిరి. 2024లో ఎనిమిదవసారి విజయము లభించెను. గెలిచినంతకాలమే యుండు నభిమానము గెలుపుమీది ఆశయే గాని మనుష్యులమీది ప్రేమ కాదు. ఓటమిలో ఓర్పుగా నిలిచిన అభిమానమునకే కొంత పరిపాకమున్నదని నమ్మవచ్చును.

ఇంకొక చిన్న సంగతి. 2019లో చుక్వు తీవ్రముగా జబ్బుపడి, చికిత్సకు సొమ్ము కావలసివచ్చెను. ఆ సొమ్ము, యేబదివేల డాలర్లు, ఇచ్చినవాడు ఫెమి ఒటెడోలా యను లేగోసు వ్యాపారి; యొరూబా జాతివాడు. ధనవంతునకు అది పెద్ద మొత్తము కాకపోవచ్చును. కాని ఇగ్బోల క్లబ్బునకు పేరు తెచ్చినవానిని ఇంకొక జాతివాడు తనవానిగా భావించి యాదుకొనుట, ఒక జాతి యభిమానము పరులకును ఆస్తి కాగలదనుటకు నిదర్శనము. చుక్వు 2025 ఏప్రిలులో ఎనుగులోనే మరణించెను. దుఃఖించినవారు ఒక్క యిగ్బోలే కారు.

కావున మొదటి ప్రశ్నకు మా సమాధాన మిది. స్వజనాభిమానము స్వయముగా దోషము కాదు, పొయ్యిలోని నిప్పువంటిది. పొయ్యిలో నున్నంతవరకు అది అన్నము వండును. పొరుగింటి కప్పుమీదికి విసరినచో అదే యూరిని కాల్చును. అందుకని పొయ్యి యార్పివేసి చలిలో కూర్చుండుమని బోధించుట సంస్కరణము కాదు. నిప్పును కాచుకొనుట నేర్పుటయే సంస్కరణము. మన యింట పిల్లలు తమ యూరి జట్టు గెలువవలెనని కేకలు వేయునప్పుడు వారిని మందలింపవలదు. కాని ఎదుటిజట్టు చక్కగా ఆడినప్పుడు చప్పట్లు కొట్టుదురా, ఓడిన దినమున నిర్ణేతను తిట్టక యింటికి వత్తురా, తమ జట్టులో చేర్చుకొనుటకు ఎవనినైన పుట్టుకచూచి వెనుకకు పంపుచున్నారా యని మాత్రము కనిపెట్టవలెను. పెద్దలమైన మనమును అప్పుడప్పుడు మనల నట్లే కనిపెట్టుకొనుట మంచిది.

ఇగ్బోలలో నొక సామెత కలదు. గ్రద్దయు కొమ్మపై వ్రాలవచ్చును, డేగయు వ్రాలవచ్చును. రెండవదానిని వ్రాలనీయనిదాని రెక్క విరుగుగాక యని దాని భావము. యుద్ధమున కొమ్మనే పోగొట్టుకొనిన జాతి ఈ సామెతను మరువకుండుట గొప్ప సంగతి. కొమ్మమీద తన చోటు తనకు కావలెననుటలో తప్పులేదు. ప్రక్కనున్న చోటు ఇంకొకరిదని యొప్పుకొనునంతవరకు ఆ యభిమానము ధర్మమే యగును.